పల్లవి దాకా

మా ఇంట్లోంచి వీధిలోకి వెళ్ళాలంటే మాండలిన్ల మధ్యలోంచి వెళ్ళాలి. కింద వాయిద్యాల కొట్టు, పైన ఇల్లు. మెట్లు దిగితే నేరుగా కౌంటరు వెనక తేలతాం. ఒకప్పుడు పక్కసందులోకి ఓ గుమ్మం ఉండేదట. గిటార్లు తగిలించడానికి గోడ చాలడం లేదని నాన్న దాన్ని ఇటుకలతో మూయించేశాడు. అప్పట్నుంచీ పాలకు వెళ్ళాలన్నా, కాలేజీకి వెళ్ళాలన్నా, వచ్చిన చుట్టాలు తిరిగి వెళ్ళాలన్నా కౌంటరు పలక పైకెత్తి, తలకి ఏదీ తగలకుండా వంగి, నాన్న కళ్ళముందు నుంచి బయటపడాలి. మేమంతా అలా రోజూ బయటపడేవాళ్ళం. మా మేనత్త మాత్రం కౌంటరు దాకా వచ్చి ఆగిపోయేది. ఆమె పని అక్కడే.

కొట్టుకి వచ్చే వాయిద్యగాళ్ళు అత్తని "పల్లవత్తయ్య" అనేవాళ్ళు. ఆమె ముందు కాదు, మెట్ల మీద పుస్తకం పట్టుక్కూర్చున్న నా ముందు. ఏ పాట అడిగినా పల్లవి వాయిస్తుంది, చరణం మొదలయ్యే చోట కుడి అరచేతిని తీగల మీద ఆనిస్తుంది. స్వరం చటుక్కున చచ్చిపోతుంది. "బావుందా? కవరు పెట్టమంటారా?" అంటుంది.

అది నాన్న పెట్టిన నియమం. అత్త కొట్లో కొత్తగా కూర్చున్న రోజుల్లో ఒకాయన మాండలిన్ కొనడానికి వచ్చాడట. అత్త ఉత్సాహం కొద్దీ పాట మొత్తం వాయించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. విని, లేచి, "ఈ జన్మలో నేనిలా వాయించలేనమ్మా, ఎందుకు కొనడం" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నాన్న అది తలుచుకున్నప్పుడల్లా నెత్తి కొట్టుకునేవాడు. "వినేవాడికి ఆశ పుట్టాలి కానీ కడుపు నిండకూడదు చెల్లీ. పల్లవి దాటావో, బేరం పోయింది."

అత్త ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. చెప్పడం ఆమెకు చేతకాదో, చెప్పినా నాన్న నవ్వేస్తాడని తెలుసో. నాన్న చెడ్డవాడు కాదు. చెల్లెలంటే ప్రాణం. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "అది వెళ్ళిపోతే మాండలిన్లు ఎవరు చూస్తారు?" అని నవ్వుతూ అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అలా నవ్వుతూనే ఆ వయసు దాటిపోయింది.

నిజానికి అత్త చూసేది మాండలిన్లని కాదు, మనుషుల చేతులని. ఎవరొచ్చినా ముందు అరచెయ్యి గాజుబల్ల మీద పెట్టమనేది. పొట్టి వేళ్ళవాళ్ళకి మెడ సన్నగా ఉన్న మాండలిన్. బొజ్జ ఉన్నవాళ్ళకి గుండ్రటి వీపుది చచ్చినా ఇవ్వదు. "రెండు బొజ్జలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి" అనేది నాతో మెల్లగా. తర్వాత తీగలు మీటే పిక్కుల డబ్బా తెరిచేది. అందులో గళ్ళు. కాయితంలా వంగేవి ఒక గడిలో, గోరంత గట్టివి ఒక గడిలో, బొత్తాల్లా మందంగా ఉండేవి చివర. మాండలిన్‌కి తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. పిక్కు మరీ పల్చనిదైతే తీగ మీద వంగిపోయి గీరుకుపోతుంది, టపటపమనే చప్పుడే వినిపిస్తుంది. మందంగా ఉండి అంచు గుండ్రంగా ఉన్నదైతే జంటని ఒకే ఊపులో దాటిస్తుంది, అప్పుడు స్వరం లోపల్నుంచి వస్తుంది. కానీ చెయ్యి బిగుసుకుపోయే కొత్తవాళ్ళకి మందం పిక్కు ఇస్తే తీగల్లో ఇరుక్కుంటుంది. అందుకని ఎవరి మణికట్టుకి ఏది సరిపోతుందో చూసి ఇవ్వాలి. అత్త ఎప్పుడూ సరిగ్గానే ఇచ్చేది.

ఒక్క మాండలిన్ విషయంలో తప్ప.

అది గోధుమరంగుది, చదును వీపుది. ఎవరో కొత్తది పట్టుకెళ్తూ మార్పిడికి ఇచ్చిపోయారు. రంధ్రం పక్కన పగులు, దాని మీద అతుకు. నా చిన్నప్పట్నుంచీ గోడకి అదే మేకుకి ఉండేది. ఎవరైనా దాన్ని చూపించమంటే అత్త తీసి ఇచ్చేది. డబ్బాలోంచి పిక్కు కూడా ఇచ్చేది. వాళ్ళు మీటితే తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టుండేది. మొహం చిట్లించి తిరిగి ఇచ్చేసేవాళ్ళు. నాన్న దానికి "మూగది" అని పేరు పెట్టాడు.

ఓ మధ్యాహ్నం కాలేజీ తొందరగా వదిలేశారు. నాన్న భోజనం చేసి పైన నిద్రపోయే వేళ అది. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వస్తుంటే కుళాయి కారుతున్నట్టు చప్పుడు వినిపించింది. అత్త నాకు వీపు పెట్టి కూర్చుంది. ఒళ్ళో గోధుమరంగుది. తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి పక్కన, వాటి కింద ఉన్నిగుడ్డ ముక్క దూర్చి ఉంది. చేతులు మాత్రం పరిగెడుతున్నాయి. అంత వేగంగా ఆమె చేతులు కదలడం నేనెప్పుడూ చూడలేదు. బయటికొచ్చేది మాత్రం టిక్కు టిక్కుమనే చప్పుడే.

నన్ను చూసి ఆపలేదు. పూర్తి చేసి అప్పుడు తలెత్తింది.

"ఏం వాయిస్తున్నావత్తా?"

"చరణం."

"గుడ్డ పెడితే ఏం వినిపిస్తుంది?"

"నాకు వినిపిస్తుంది. ఇక్కడ" అని మాండలిన్ ఆనిన చోట ఛాతీ మీద వేలు పెట్టింది. "పైన మీ నాన్నకి వినపడదు."

ఆమె చేతిలో ఉన్న పిక్కు డబ్బాలోది కాదు. నల్లగా, మందంగా, చింతగింజంత నునుపుగా ఉంది. మా నానమ్మ కొమ్ము దువ్వెన విరిగిపోతే ఆ ముక్కని అత్త మేడ మీద సిమెంటు గట్టుకి అరగదీసి చేసుకుందట. గుడ్డ తీసి, నా కోసం ఒక్క తీగ, ఒకే ఒక్కసారి మీటింది. గదిలో ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టయింది. వెంటనే అరచెయ్యి ఆనించేసింది.

"ఇది మూగది కాదు!" అన్నాను.

"కాదు."

"మరి వచ్చినవాళ్ళకి పల్చటి పిక్కు ఇస్తావేం? తప్పు కదా?"

"తప్పే" అంది అత్త. పిక్కుని కళ్ళద్దాల పెట్టెలో పెట్టి మూత వేసింది.

"నాకు కావాలని నాన్నని అడగొచ్చుగా?"

"అడిగితే ఇస్తాడు. 'నీది కాక ఎవరిదమ్మా' అంటాడు. అని, మళ్ళీ గోడకే తగిలిస్తాడు. ఎవడైనా వేలు పెట్టి చూపిస్తే చాలు, కవరు తీస్తాడు. మొన్న ఎవడో తిరుగుతున్న ఫ్యాను బావుందన్నాడని విప్పి ఇచ్చేశాడు కదా, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆ రోజంతా అందరం అట్టముక్కలతో విసురుకున్నాం.

ఆ తర్వాత నాకు ఆ మధ్యాహ్నాలు తెలుసు కాబట్టి, గోధుమరంగుదాన్ని ఎవరు చూపించమన్నా నా కళ్ళు అత్త చేతి మీదికి పోయేవి. అత్త మొహంలో ఏమీ కనబడేది కాదు. పల్చటి పిక్కు తీసి ఇచ్చేది. వాళ్ళు మీటేవాళ్ళు, చిట్లించేవాళ్ళు. అది మేకుకి తిరిగి చేరేది. ఎన్నేళ్ళైనా అలాగే సాగిపోతుందనుకున్నాను. నర్సమ్మాయి వచ్చేదాకా.

ఆ అమ్మాయి ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. మొహం వాడిపోయి ఉంది, నోరు మాత్రం చురుగ్గా ఉంది. నాన్న కౌంటరు ఆ చివర కూర్చుని డ్రమ్ముకి తోలు బిగిస్తున్నాడు.

"మాండలిన్ నేర్చుకుందామనుకుంటున్నానండీ. నవ్వకండి" అంది.

"నవ్వలేదమ్మా. చెయ్యి ఇలా పెట్టు" అంది అత్త.

"జాతకం కూడా చెప్తారా?"

"నేర్చుకోగలవో లేదో చెప్తా. మణికట్టు వదులుగానే ఉంది. మంచి చెయ్యి."

"సూది గుచ్చినా ఏడవరు నా దగ్గర పిల్లలు" అంది ఆ అమ్మాయి గర్వంగా.

అత్త మూడు నాలుగు తీసి చూపించింది. ఒక్కోదానికీ ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "బావుంది కానీ గట్టిగా మోగుతోంది ఆంటీ. నేనుండేది హాస్టల్లో. రాత్రి డ్యూటీ వాళ్ళు పగలంతా పడుకుంటారు. ఇది వాయించానంటే దీంతో పాటు నన్నూ కిటికీలోంచి గిరాటేస్తారు. అస్సలు మోగనిది ఏదైనా ఉందా?"

నాన్న తోలు వదిలేసి లేచాడు. "ఎందుకు లేదూ! చెల్లీ, ఆ మూగదాన్ని తియ్యి. అమ్మా, అది మీకోసమే పుట్టింది. కొట్టి చంపినా మాట్లాడదు."

అత్త కదల్లేదు. నాన్నే మేకు మీంచి తీసి గాజుబల్ల మీద పెట్టాడు. అత్త అలవాటు కొద్దీ పల్చటి పిక్కు ఇచ్చింది. ఇచ్చాక ఏం చేసిందో ఆమెకు అర్థమైంది, తిరిగి తీసుకోవడానికి చెయ్యి చాచింది కూడా. అప్పటికే ఆ అమ్మాయి మీటింది. టపటపమంది.

"అబ్బ, ఇదేనండీ నాక్కావల్సింది!"

"పగులుంది దానికి" అంది అత్త.

"నాకూ ఉన్నాయి, పాదాలకి. పొద్దస్తమానం నిలబడి."

"అతుకు ఊడొచ్చు."

"ఊడితే తీసుకురండి, నేను వేస్తా" అన్నాడు నాన్న. అప్పటికే కవరు కోసం వంగాడు. కవరు జిప్పు చప్పుడు కొట్టంతా వినిపించింది.

అత్త ఆ అమ్మాయి చేతిలోంచి మాండలిన్ తీసుకుంది. "ఒక్కసారి చూపిస్తాను" అంది. కళ్ళద్దాల పెట్టె తెరిచింది. నానమ్మ దువ్వెన ముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది.

ఆమె ఏమనుకుందో నాకు తెలుసు. గట్టిగా మోగేది ఆ అమ్మాయికి వద్దు. పాట మొత్తం వింటే కొత్తవాళ్ళు కొనరు. రెండూ ఒకేసారి ప్రయోగిస్తే గోధుమరంగుది గోడ మీదే ఉంటుంది. జీవితమంతా తనని కట్టేసిన నియమాన్నే అత్త ఆ రోజు గడియలా వాడుకోబోయింది.

పల్లవి అయింది. అలవాటుగా అరచెయ్యి తీగల దగ్గరికి వచ్చింది.  చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగి, ఆనకుండా మళ్ళీ పైకి లేచింది. చరణం మొదలైంది.

గుడ్డ కింద నేను విన్న టిక్కుటిక్కులు అవే అని గుర్తుపట్టాను, కానీ ఇప్పుడు వాటికి ఒళ్ళు ఉంది. గోడకున్న గిటార్ల తీగలు వాటంతటవే సన్నగా వణికాయి. నాన్న కవరు పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అమ్మ గరిటెతో సహా మెట్ల మీదికి వచ్చింది. షట్టరు దగ్గర దారినపోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. అత్త ఎవర్నీ చూడలేదు. రెండో చరణం కూడా వాయించి, చివరి స్వరాన్ని దానంతటది ఆరిపోయేదాకా వదిలేసింది. ఆమె ఒక స్వరాన్ని అలా వదిలేయడం నేను వినడం అదే మొదలు.

 "దీన్ని నేను తీసుకెళ్ళనండీ" అంది నర్సమ్మాయి. "ఇంత గొంతున్నదాన్ని తీసుకెళ్ళి దుప్పటి కింద వాయించాలా? పాపం తగుల్తుంది. మళ్ళీ వస్తాను, ఇంకోటి చూద్దురుగానీ." వెళ్ళిపోయింది.

అత్త మొహంలో నవ్వు వచ్చింది. కొద్దిగానే. నాన్న దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు.

"ఏదీ, ఆ చేతిలోది" అన్నాడు. తీసుకుని వెలుతుర్లో తిప్పి చూశాడు. "అమ్మ దువ్వెన కదూ?"

"ఊఁ."

నాన్నకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పాత చొక్కా జేబులో మర్చిపోయిన నోటు దొరికినవాడిలా మొహమంతా వెలిగిపోయింది. "ఇన్నేళ్ళూ మూగదనుకున్నానే! ఎంత పని చేశావే నువ్వు!"

"అన్నయ్యా, అది నాకు కావాలి" అంది అత్త. ఆమె ఏదైనా కావాలనడం నేనెప్పుడూ వినలేదు. నాన్న కూడా విని ఉండడు.

"నీది కాక ఎవరిదమ్మా?" అన్నాడు నాన్న ఆప్యాయంగా. "కొట్టే నీది." అని, గోధుమరంగుదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, తీసుకెళ్ళి వీధివైపు అద్దాల బీరువాలో, దీపం కింద పెట్టాడు.

అత్త నావైపు చూసింది. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

కొద్దిరోజులకే ఆర్కెస్ట్రా ఆయన వచ్చాడు. సెంటు వాసన, చేతికి గొలుసు గడియారం. అద్దంలో ఉన్నదాన్నే చూపించమన్నాడు. అత్త పిక్కుల డబ్బాలో పల్చటి గడి తెరిచింది.

"అది కాదమ్మా, నీ దువ్వెన ముక్క ఇవ్వు" అన్నాడు నాన్న ఆ చివర్నుంచి.

ఇచ్చింది. ఆయన వాయించాడు. బాగానే వాయించాడు. అత్త అంత బాగా కాదు, కానీ గోధుమరంగుది ఎవరికైనా అంతే ధారాళంగా పలికింది. అత్త బల్ల అంచు పట్టుకుని నిలబడి వింది. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా తీసుకుంటానన్నాడు. కవరులో పెట్టించుకుని, మర్యాదగా పిక్కుని బల్ల మీద పెట్టి, గుమ్మం వైపు నడిచాడు.

నేను అత్త చెవిలో గొణిగాను. "ఊరుకో. వేరే పిక్కుతో వాయిస్తే ఏం పలుకుతుంది? వారం తిరక్కుండా మూగదైపోయిందని తిరిగి తెస్తాడు."

అది అత్తకీ తోచే ఉంటుంది. పిక్కు మీద అరచెయ్యి పెట్టి దాచేసింది. తీగల మీద ఆనించినట్టే ఆనించింది. ఆయన గుమ్మం దాటాడు. మెట్టు దిగాడు.

"ఏమండీ, ఆగండి!" అంది అత్త.

కౌంటరు పలక పైకెత్తి, కొట్టు దాటి, గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన చేతిలో పిక్కు పెట్టింది. "ఇది లేకపోతే అది పలకదు. అంచు అరిగితే సిమెంటు మీద రుద్దుకోండి. గట్టిగా రుద్దకండి."

తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. "ఎందుకిచ్చావు?" అన్నాను.

"తిరిగొస్తే మళ్ళీ గుడ్డ కిందే కదే" అంది.  ఖాళీ కళ్ళద్దాల పెట్టెలో నిజంగానే కళ్ళద్దాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

నాన్న మాత్రం మారిపోయాడు. ఆ రోజు షట్టరు దగ్గర నిలబడిపోయినవాళ్ళని మర్చిపోలేకపోయాడు. "నేనే పొరపాటు పడ్డాను చెల్లీ" అన్నాడు అన్నం తింటూ, ఎంతో ఉదారంగా. "ఇక నుంచి మొత్తం వాయించు. నాలుగు వీధుల వాళ్ళు వచ్చి నిలబడాలి. చరణాలన్నీ వాయించు." అమ్మ అత్త వైపు చూసింది. అత్త మజ్జిగ గిన్నె జరిపింది.

నర్సమ్మాయి అన్నట్టే మళ్ళీ వచ్చింది. కాలేజీకి వెళ్ళడానికి మెట్లు దిగుతున్న నేను ఆగాను. అత్త ఆమె కోసం ముందే ఒకటి ఎంచి పక్కన పెట్టింది. చిన్నది, తేలికది, మెడ సన్నది. ఆ మణికట్టుకి మధ్యరకం పిక్కు. బ్రిడ్జి దగ్గర తీగల కింద ఉన్నిగుడ్డ ముక్క ఎలా దూర్చాలో చూపించింది. ఆ గుడ్డ ఏదో నేను గుర్తుపట్టాను.

"ఇలా పెట్టుకుంటే పక్క మంచం వాళ్ళక్కూడా వినపడదు" అంది.

"నాకూ వినపడదు కదా ఆంటీ?"

"మొదట్లో వినపడదు."

"ఆ రోజు వాయించారే, అది ఇంకోసారి వాయించరూ? గుడ్డ తీసి."

"వాయించు చెల్లీ, మొత్తం వాయించు" అన్నాడు నాన్న, బయటికి వినపడాలని షట్టరు ఇంకొంచెం పైకి తోస్తూ.

అత్త గుడ్డ తీసి, కొత్త మాండలిన్ ఒళ్ళో పెట్టుకుంది. పల్లవి వాయించింది. చరణం మొదలయ్యే చోట అరచెయ్యి తీగల మీద ఆనించింది.

 నాన్న ఎదురుచూశాడు. "మిగతాది?"

"నాకు రాదన్నయ్యా" అంది అత్త.

"అదేంటి, మొన్న..."

"అంతవరకే వచ్చు" అంది, ఎప్పటి గొంతుతోనే. నర్సమ్మాయి వైపు తిరిగింది. "బావుందా అమ్మా? కవరు పెట్టమంటావా?"

నాకు క్లాసుకి టైమైపోతోంది. కౌంటరు పలక పైకెత్తాను. అత్త స్టూలు కాస్త పక్కకి జరుపుకుని నాకు దారిచ్చింది.